పరగడుపు షుగర్ బాగున్నా హెచ్‌బీఏ1సీ ఎందుకు ఎక్కువగా ఉంది?

ప్రశ్న: మా నాన్నగారికి పరగడుపున షుగర్ 110 దగ్గరే ఉంటున్నా, హెచ్‌బీఏ1సీ మాత్రం 8.2 శాతం వచ్చింది. దేనిని నమ్మాలో తెలియక ఆందోళనగా ఉంది.

జవాబు: రెండూ నిజమే కావచ్చునండీ. పరగడుపు పరీక్ష ఆ ఒక్క క్షణాన్నే చూపుతుంది. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు జీవిస్తాయి కనుక, వాటిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజును కొలిచే హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును తెలుపుతుంది. 8.2 శాతమంటే సగటు షుగర్ దాదాపు 190 అన్నమాట. భోజనమైన రెండు గంటలకు కూడా పరీక్షించి చూడండి, పెరుగుదల అక్కడే ఉండవచ్చు.

మరొక జవాబు: రక్తహీనత ఉందేమో కూడా చూపించండి. ఇనుము లోపించినా హెచ్‌బీఏ1సీ అంకె పెరగవచ్చు.

ఇంకొక జవాబు: 1998లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ అధ్యయనం యూకేపీడీఎస్‌లో, షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవారికి కళ్లు, మూత్రపిండాల వంటి అవయవాల్లోని సూక్ష్మ రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయి. వైద్యుణ్ణి త్వరగా కలవండి, మందు మోతాదు మాత్రం మీరే మార్చకండి.