అప్‌డేట్: 94 దగ్గర ఆగిన స్పీడ్, లోపం కేబుల్ చివరలో

300 ఎంబీపీఎస్ ప్లాన్, వైఫైలో 280 వస్తోంది, కేబుల్ పెట్టిన కంప్యూటర్‌లో మాత్రం 94 దాటట్లేదని అడిగాను కదా, కారణం దొరికింది.

మీరన్నట్టే ముందు లింక్ స్పీడ్ (కేబుల్ మీద కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య కుదిరిన వేగం) చూశాను: 1000 ఉండాల్సిన చోట 100. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, కేబుల్‌లో నాలుగు జతల తీగలూ కావాలి; 100కి 1, 2, 3, 6 పిన్నులు చాలు. అందుకే మిగతా తీగల్లో ఒకటి తగలకపోయినా నెట్ పోదు, నెమ్మదిస్తుందంతే. కేబుల్ చివరుండే ఆర్‌జే45 క్లిప్‌ని (ప్లగ్గుని) వెలుతురులో పెట్టి చూస్తే నీలం తీగ చివరిదాకా వెళ్లనేలేదు, పిన్ను దానికి దిగలేదు.

కొన కత్తిరించి, కొత్త క్లిప్‌తో తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ వరుసలో క్రింప్ చేశాను (నొక్కి బిగించాను). లింక్ 1000, టెస్టులో 290. డ్రైవర్లు మళ్లీ మళ్లీ ఎక్కించిందంతా దండగ.