గ్వానిన్ సీ8 మీద ఓహెచ్ రాడికల్: ట్రాన్సిషన్ స్టేట్ ఎంతకీ దొరకడం లేదు

గడియారస్తంభం (అనంతపురం):
నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. హైడ్రాక్సిల్ రాడికల్ (ఓహెచ్, ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన కణం) వచ్చి డీఎన్‌ఏ బేసు గ్వానిన్‌లోని 8వ కార్బన్‌కి (సీ8) అతుక్కునే చర్యకు ట్రాన్సిషన్ స్టేట్, అంటే చర్య దారిలో శక్తి శిఖరం మీదుండే నిర్మాణం, కంప్యూటర్ లెక్కల్లో వెతకబట్టి మూడు వారాలయింది. లెక్క పద్ధతి బి3ఎల్‌వైపి, బేసిస్ సెట్ 6-31జి(డి,పి), గ్యాస్ ఫేజ్ (చుట్టూ నీళ్లు లేకుండా). ఒక్కోసారి ఓహెచ్ నేరుగా వెళ్లి అతుక్కుపోతోంది, ఒక్కోసారి రింగు పైన ఎక్కడో తేలుతూ ఆగిపోతోంది, ట్రాన్సిషన్ స్టేట్‌కు గుర్తయిన ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ వచ్చిన రెండుసార్లూ తీరా చూస్తే అది ఎన్‌హెచ్2 ఊగడమే. ఇక్కడి ఎండకు మధ్యాహ్నం సిస్టమ్ వేడెక్కి ఆగిపోతోందని రాత్రుళ్లు రన్ పెడుతున్నా. వచ్చే నెల రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు ఇన్‌పుట్‌లోనా, పద్ధతిలోనా?

పెన్నాఒడ్డు (కడప):
చెల్లీ, చార్జి 0, మల్టిప్లిసిటీ 2 (ఒక ఒంటరి ఎలక్ట్రాన్) ఇచ్చావు కదా? ఔట్‌పుట్‌లో ఎస్ స్క్వేర్ (స్పిన్ సరిగ్గా వచ్చిందో చెప్పే విలువ) 0.75 దగ్గర ఉందా చూడు. ఉంటే ఇన్‌పుట్‌లో తప్పేం లేదు. అక్కడ బారియర్ (చర్య దాటాల్సిన శక్తి అడ్డు) దాదాపు ఉండదమ్మా. నీళ్లలో ఓహెచ్, గ్వానిన్ ఎదురుపడితే చాలు, చర్య జరిగిపోతుంది, రేటు డిఫ్యూజన్ హద్దు దగ్గరే ఉంటుంది. పైగా బి3ఎల్‌వైపికి సెల్ఫ్ ఇంటరాక్షన్ లోపం (ఎలక్ట్రాన్ తనను తానే నెట్టుకున్నట్టు లెక్కించడం) ఉంది, ఒంటరి ఎలక్ట్రాన్‌ను రెండు అణువుల మీదా పరిచేస్తుంది, ఆ తేలడం దానివల్లే కావచ్చు.

నేనైతే 9-మిథైల్‌గ్వానిన్ తీసుకుంటా, డీఎన్‌ఏలో ఎన్9 (9వ స్థానంలోని నైట్రోజన్) దగ్గర ఉండేది షుగర్ కాబట్టి. పద్ధతి ఎం06-2ఎక్స్, బేసిస్ సెట్ 6-311++జి(డి,పి), చుట్టూ నీటి ప్రభావానికి ఎస్‌ఎండి మోడల్. సీ8-ఓ దూరం 3 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 1.4 దాకా 0.1 చొప్పున తగ్గిస్తూ స్కాన్ చెయ్యి. ఎనర్జీ ఎక్కడా లేవకుండా దిగుతూ పోతే అదే నీ ఫలితం, రివ్యూలో ధైర్యంగా చూపించు.

కొండారెడ్డిబురుజు (కర్నూలు):
నేను బయోకెమిస్ట్రీ చెప్తాను, ఒక మాట కలుపుతా. అతుక్కోవడం కాదమ్మా, ఆ తర్వాత జరిగేది చూడు. అక్కడ వచ్చే రాడికల్ ఇంకో ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే 8-ఆక్సోగ్వానిన్ (సీ8 మీద ఆక్సిజన్ చేరిన గ్వానిన్), అలా కాక ఎలక్ట్రాన్ తీసుకుంటే ఇమిడజోల్ రింగు (సీ8 ఉన్న అయిదు పరమాణువుల రింగు) తెరుచుకుని ఫాపీగ్వానిన్. నువ్వు వెతికే ట్రాన్సిషన్ స్టేట్ ఆ రింగు తెరుచుకునే దగ్గర దొరుకుతుంది. 8-ఆక్సోగ్వానిన్ సిన్ రూపంలోకి (బేసు షుగర్ మీదికి) తిరిగితే అడినిన్‌తో జతకడుతుంది, రిపేర్ జరగకపోతే గ్వానిన్-సైటోసిన్ (జీ-సీ) జత కాస్తా థైమిన్-అడినిన్ (టీ-ఏ) అయి కూర్చుంటుంది, మా పిల్లలకు ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నీ పద్ధతిని పరీక్షించుకోవడానికి ఒక దారి: గ్వానిన్ ఆక్సీకరణ పొటెన్షియల్ (ఎంత తక్కువైతే ఎలక్ట్రాన్ పోవడం అంత తేలిక) 1.29 వోల్టులు, నాలుగు బేసుల్లో తక్కువ, 8-ఆక్సోగ్వానిన్‌ది 0.74, అంటే దెబ్బతిన్న చోటే మళ్లీ దెబ్బ తగలడం ఇంకా తేలిక. నీ లెక్కల్లో ఈ వరస రాకపోతే ముందుకు పోవద్దు.

గడియారస్తంభం (అనంతపురం):
అన్నా, ఎస్ స్క్వేర్ సరిగ్గానే ఉంది. స్కాన్ 2.4 దాకా వచ్చింది, ఇంకా దిగుతూనే ఉంది! సార్, సీ8 మీది ఓహెచ్ ప్రోటాన్ పక్కనున్న నైట్రోజన్ ఎన్7కి పోవాలి కదా, మధ్యలో నీటి అణువు పెట్టాలా?

పెన్నాఒడ్డు (కడప):
పెట్టు. నేరుగా దూకిస్తే నాలుగు పరమాణువుల ఇరుకు రింగులో బారియర్ మరీ ఎక్కువొస్తుంది. ఒకటి పెట్టి చూడు, తర్వాత రెండుతో పోల్చు.