ప్రికేరియస్ అంటే ప్రమాదకరం అనేనా?

కృష్ణలంక కుర్రాడు:
బెజవాడలో బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానండీ. ప్రికేరియస్ (precarious) అనే ఇంగ్లీషు మాటకు ప్రమాదకరం అని అర్థం రాసిపెట్టుకున్నా. నిన్న క్లాసులో సొంత వాక్యం రాయమంటే ‘నాగుపాము ప్రికేరియస్’ అనే అర్థంలో రాశా, సారు కొట్టేశారు, ఎందుకు తప్పో మాత్రం చెప్పలేదు. డిక్షనరీలో అస్థిరం అని కూడా ఉంది. మరి అస్థిరానికి అన్‌స్టేబుల్, వొలటైల్ ఉన్నాయి కదా, వీటికి తేడా ఏంటి? పరీక్ష దగ్గరకొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది, కాస్త గుర్తుండిపోయేలా చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు:
బాబూ, పాము ప్రికేరియస్ కాదు. పాము కింద ఉండగా ఎండుకొమ్మ పట్టుకుని వేలాడుతున్నవాడి పరిస్థితి ప్రికేరియస్. ఎదుటివాడికి హాని చేసేది ప్రమాదకరం, ఎప్పుడు జారిపోతుందో తెలియకుండా ఉన్నది ప్రికేరియస్. మనవాళ్లు తుమ్మితే ఊడిపోయే ముక్కు అంటారే, సరిగ్గా అదే. గాలిలో దీపం అన్నా సరిపోతుంది.

దీని పుట్టుక తెలిస్తే ఇక మర్చిపోవు. లాటిన్‌లో బతిమాలడం, వేడుకోవడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, ప్రేయర్ కూడా అక్కడి నుంచి వచ్చిందే. రోమన్ల చట్టంలో ఒకడు అడిగితే భూమి వాడుకోనిచ్చే పద్ధతి ఉండేది, యజమాని ఎప్పుడు వద్దంటే అప్పుడు వదిలేసి పోవాలి. అంటే ఒకరి దయ మీద నిలిచి ఉన్నది అని అసలు అర్థం. 1755లో ఆంగ్ల రచయిత శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువులో, జనం దీన్ని ప్రతి అనిశ్చితికీ వాడేస్తున్నారు, వాతావరణానికి కూడా తగిలిస్తున్నారు, ఇతరుల మీద ఆధారపడ్డ అనిశ్చితికే ఇది చెల్లుతుంది అని గట్టిగా అభ్యంతరం చెప్పాడు.

ప్రత్తిపాడు రైతుబిడ్డ:
మాస్టారూ, మీరు చెప్పింది చదువుతుంటే మా నాన్నే కళ్ల ముందు కనిపించాడు. మాది కౌలు సేద్యం, కాగితం లేదు, నోటిమాటే. వచ్చే ఏడు చేను ఉంటుందో లేదో ఉగాది దాకా తెలీదు. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారు కార్డు కావాలన్నా యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి, దానికీ బతిమాలాలి.

తమ్ముడూ, నువ్వడిగిన తేడా ఇక్కడే ఉంది. గుంటూరు యార్డులో మిర్చి ధర వొలటైల్, ఇవాళ ఎగురుద్ది రేపు పడుద్ది. ఆ ధరను నమ్ముకున్న కౌలు రైతు బతుకు ప్రికేరియస్. అది ఎగరదు, ఎప్పుడూ అంచునే ఉంటుంది.

మొగల్రాజపురం మెట్లు:
జాన్సన్ మాట పట్టుకుని కూర్చుంటే పరీక్షలో తప్పుతుంది మాస్టారూ. ఇప్పుడు వస్తువులకూ బాగా వాడతారు. కొండ అంచున ఆగి ఉన్న బండరాయి ప్రికేరియస్‌గా ఉంది అంటారు, అది ఎవరి దయ మీదా లేదు కదా. 2024 ఆగస్టు 31న మా దగ్గర కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు, అప్పటి నుంచి వాన పడిన ప్రతి రాత్రీ పైకి చూస్తూనే ఉంటాం. నాకు ఈ మాటకు అర్థం డిక్షనరీలో చూడక్కర్లేదు. బాబూ, ఉద్యోగం, ఆరోగ్యం, అప్పులు, నిచ్చెన, బండరాయి, వీటన్నిటికీ వాడుకో. మనిషి కోపానికి మాత్రం వాడకు, దానికి వొలటైల్. ఇక అన్‌స్టేబుల్ అన్నింటికీ సరిపోయే మామూలు మాట.

కృష్ణలంక కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఇప్పుడు ఇలా రాశా: ‘మా అన్నయ్య ఉద్యోగం ప్రికేరియస్, మూడు నెలలకోసారి కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉంటుంది.’ సరిపోయిందా?

బ్రాడీపేట మాస్టారు:
సరిపోయింది బాబూ. మూడు నెలలకోసారి ఎవరో పెట్టే సంతకం కోసం ఎదురుచూడటం ఉంది చూశావూ, జాన్సన్ కూడా కొట్టెయ్యలేని వాక్యం అది. పలికేటప్పుడు ‘కే’ అక్షరాన్ని నొక్కి పలుకు.