అప్‌డేట్: ఆక్సిజన్ సెన్సర్ల బిల్లు సంగతి

బండిలో చెక్ ఇంజన్ లైటు వెలిగితే రెండు ఆక్సిజన్ సెన్సర్లూ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేవి) మార్చాలని గ్యారేజీలో ఎస్టిమేట్ ఇచ్చారు, నిజంగా రెండూ మార్చాలా అని ఇంతకుముందు అడిగాను కదా, తేలింది. స్కానర్‌లో ఉన్న లోపం కోడ్ పీ0135 ఒక్కటే. అది ముందు సెన్సర్‌ని వేడి చేసే హీటర్ సర్క్యూట్‌ది. వెనక సెన్సర్‌తో దానికి పనే లేదు.

సెన్సర్ చల్లారాక కనెక్టర్ పీకి మల్టీమీటర్ పెడితే హీటర్ పిన్నుల మధ్య 6 ఓమ్‌లు, అంటే హీటర్ బాగానే ఉంది. ఇంజన్ స్టార్ట్ చేసినా హార్నెస్ (బండి వైరింగ్) వైపు 12 వోల్టులు రావట్లేదు. ఫ్యూజు కొట్టేసింది! సైలెన్సర్ పైపుకి తగిలి వైరు తొడుగు కరిగి షార్టయింది. వైరుకి వేడి తట్టుకునే స్లీవ్ తొడిగి, అదే ఆంపియర్ల ఫ్యూజు వేశాం (పెద్దది వేస్తే వైరింగే కాలుతుంది). కోడ్ చెరిపాక లైటు మళ్లీ రాలేదు. స్కానింగ్ చార్జీ మాత్రం కట్టాను, అది న్యాయమే.