అసైలం ఇంటర్వ్యూకి ఇంటర్‌ప్రిటర్‌ని ఎవరు తేవాలి?

ప్రవీణ్_కె:
అమెరికాలో అసైలం (సొంత దేశంలో వేధింపుల భయంతో వచ్చి ఆశ్రయం అడగడం) కోసం యూఎస్‌సీఐఎస్, అంటే ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ, ఆఫీసులో ఇంటర్వ్యూ ఉంటే, ఇంగ్లీషు రానివాళ్ళు ఇంటర్‌ప్రిటర్‌ని తామే వెంటబెట్టుకెళ్ళాలి. కోవిడ్‌లో 2020 నుంచి గవర్నమెంటే ఫోన్‌లో ఇచ్చింది, 2023 సెప్టెంబర్ 13 నుంచి మళ్ళీ పాత రూలే. సరైన కారణం లేకుండా తేకపోతే అసలు ఇంటర్వ్యూకే రానట్టు లెక్కేయొచ్చు. అదే కేసు ఇమ్మిగ్రేషన్ కోర్టుకెళ్తే ఇంటర్‌ప్రిటర్ ఫ్రీ! రెండు చోట్లా ప్రభుత్వమే ఇవ్వాలంటాను, మీరేమంటారు?

సుధ_ఆర్:
నేనొప్పుకోనండీ. ఫోన్‌లో అవతల ఉన్నది ఎవరో తెలీదు. తనని ఊరొదిలేలా తరిమిన వర్గం మనిషే అయితే? నోరు పెగలదు. సొంత మనిషైతే యాస తెలుసు, జరిగింది తెలుసు, ధైర్యంగా ఉంటుంది.

మాధవి:
సుధ గారూ, ఆ సొంత మనిషి ఎవరో ఒకసారి ఆలోచించండి. 18 దాటుండాలి, మన లాయర్ కాకూడదు, సాక్షి కాకూడదు, సొంత దేశం గవర్నమెంట్ తరఫు మనిషి కాకూడదు, ఇంకెవరు మిగిలారు, కూతురో మేనమామో తెలిసినవాళ్ళో, అంతేగా. జైల్లో తన మీద జరిగిన అత్యాచారం గురించి ఒక తల్లి కూతురి ముందు చెప్పగలదా? సగం మింగేస్తుంది. ఆ మిగతా సగం తర్వాత కోర్టులో చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారు. 2005 రియల్ ఐడీ చట్టం వచ్చాక, అసలు విషయంతో సంబంధం లేని తేడా అయినా సరే ఆ మనిషిని నమ్మాలా వద్దా అని తేల్చడానికి జడ్జి వాడుకోవచ్చు. తేదీల సంగతే చూడండి, ఇథియోపియా క్యాలెండర్ 7-8 ఏళ్ళు వెనక ఉంటుంది, నెలలు 13, అది తెలీని చుట్టం యథాతథంగా చెప్పేస్తే చాలు, అబద్ధాలకోరు అని ముద్ర పడే ప్రమాదం. యూరప్‌లో 2013 నాటి ఆదేశంలోనే, అడిగితే వీలైనంతవరకు ఆడవాళ్ళకి ఆడ ఇంటర్‌ప్రిటర్‌నే ఇవ్వాలని ఉంది. అమెరికాకి ఏమొచ్చింది మరి?

కిరణ్77:
ప్రభుత్వం ఇచ్చినంత మాత్రాన అయిపోదు. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ళందరికీ స్పానిష్ వచ్చనుకుంటారు, చాలామందికి మామ్, కిచే లాంటి మాయా భాషలే ఇంట్లో భాషలు. మామ్ నుంచి స్పానిష్, స్పానిష్ నుంచి ఇంగ్లీష్, ఇలా ఇద్దరు మనుషుల్ని దాటొచ్చాక ఆ మాటలో ఎంత మిగులుతుందో చెప్పండి.

మాధవి:
నిజమే కిరణ్ గారూ, అందుకే జర్మనీ పద్ధతి నాకు నచ్చుతుంది. ఆఫీసర్ రాసుకున్నదంతా చివర్లో ఆ మనిషి భాషలో మళ్ళీ చదివి వినిపిస్తారు, తప్పుంటే అక్కడికక్కడే దిద్దించుకోవచ్చు.

సుధ_ఆర్:
చదివి వినిపించడం తప్పకుండా రావాలి, ఆ ఆడవాళ్ళ విషయంలోనూ మీతోనే ఉన్నా మాధవి గారూ. కానీ ఫోన్‌లో ఉన్న మనిషి మీద నమ్మకం లేకపోతే, కారణం అడక్కుండా ఇంకొకర్ని ఇమ్మనే హక్కు కూడా రాసివ్వాలి. అది లేకుండా సొంత మనిషిని వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను.