నలుగురికి నెల సరుకులు: డాలస్ వైపు ఎంతవుతుంది?

ఇర్వింగ్ కొత్తవాడు:
అందరికీ నమస్కారం. ప్రస్తుతం ఒక్కణ్ణే, సరుకులకి నెలకి 350 డాలర్ల దాకా అవుతోంది. వచ్చే నెల మా ఆవిడ, పిల్లలు (9 ఏళ్లు, 3 ఏళ్లు) వస్తున్నారు. అంటే 1,400 పక్కన పెట్టుకోవాలా?

ప్లేనో అక్కయ్య:
నాలుగుతో గుణించకు తమ్ముడూ. ఒంటరి వంటకే తలసరి ఎక్కువ పడేది. కొత్తిమీర కట్టలో సగం కుళ్లబెట్టి పారేస్తాం కదా! ఇక్కడి వ్యవసాయ శాఖ నెలనెలా తిండి ఖర్చు లెక్క ఇస్తుంది. నలుగురున్న ఇల్లు దానికి ఆధారం. ఒక్కరే ఉంటే ఆ తలసరి మీద 20 శాతం కలపాలి, ఇద్దరైతే 10, ముగ్గురైతే 5. ఐదారుగురైతే 5 తగ్గించాలి. నీ 350లో ఆ అదనం తీసేస్తే 290 చిల్లర. మీ ఇద్దరికీ 600 లోపు, పిల్లలకి ఇంకో 400 వేసుకో. చిన్నది ఇప్పుడేం తింటుందిలే, పాలు తప్ప.

ఫ్రిస్కో పాతకాపు:
అక్కయ్య లెక్క ఈ ఏటికి సరే, పై ఏటికి పనికిరాదు. 2022లో ఇంట్లో వండుకునే సరుకుల ధరలు ఒక్క ఏడాదిలో 11.4 శాతం పెరిగాయి. 2025 మార్చిలో డజను గుడ్లు దేశం మొత్తమ్మీద సగటున 6.23 డాలర్లు! 2023 జులై 20న మనవాళ్లు బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేస్తే సోనామసూరి బస్తాల కోసం ఇక్కడ జనం ఎగబడ్డారు. మళ్లీ 2024 సెప్టెంబరులో గానీ వదల్లేదు. అందుకే నా మాట విను, ధర తక్కువున్నప్పుడు బియ్యం, కందిపప్పు నాలుగైదు బస్తాలు పడేసుకో.

కారల్టన్ వదిన:
ఆ నిల్వ సలహా మాత్రం వద్దండీ. ఆ గొడవలోనే మా ఆయన కూడా బస్తాలు తెచ్చి బాల్కనీ అరలో పేర్చారు. టెక్సస్ ఎండ సంగతి తెలిసిందేగా, ముక్కుపురుగు పట్టింది. గోడ మీద పాకుతుంటే పక్కింటావిడ ఫోటో తీసి లీజింగ్ ఆఫీసుకి (ఫ్లాట్లు అద్దెకిచ్చే వాళ్లకి) పంపింది. వాళ్లు మందు కొట్టించారు, అప్పుడేం అనలేదు. ఇల్లు ఖాళీ చేశాక డిపాజిట్‌లోంచి మూడు ఫ్లాట్ల మందు ఖర్చు కోసేశారు! పై ఫ్లాట్లో ఎప్పట్నుంచో బొద్దింకలున్నాయి, అదీ మా ఖాతాలోనే. ఫోన్ చేస్తే మేనేజరు సెలవులో ఉందంటారు, మెయిలుకి జవాబుండదు. టెక్సస్‌లో మనం కొత్త అడ్రసు రాసిచ్చి ఖాళీ చేశాక 30 రోజుల్లో వాళ్లు డిపాజిట్ వెనక్కివ్వాలి, ఏమైనా కోస్తే దేనికెంతో రాతలో చూపాలి. ఆ సంగతే రిజిస్టర్డ్ ఉత్తరంలో రాస్తే సగం వెనక్కొచ్చింది. మీరు మాత్రం కొత్త అడ్రసు రాసి ఇవ్వడం మర్చిపోకండి.

ఫ్రిస్కో పాతకాపు:
బాల్కనీలో ఎవరు పెట్టమన్నారమ్మా? కొంచెం కొంచెంగా ఫ్రీజర్లో నాలుగు రోజులుంచి డబ్బాకెత్తితే పురుగు రాదు.

కారల్టన్ వదిన:
అపార్ట్‌మెంట్ ఫ్రీజర్లో మీ బస్తా పడుతుందా అన్నయ్యగారూ? మీది సొంతిల్లు, గరాజ్‌లో రెండో ఫ్రిజ్.

ఆలెన్ కుర్రాడు:
కాస్ట్‌కోలో (సభ్యులకే అమ్మే పెద్ద టోకు స్టోరు) ఏడాదికి 130 డాలర్ల సభ్యత్వ కార్డు తీసుకో బ్రో, కొన్నదాంట్లో 2 శాతం వెనక్కొస్తుంది.

ప్లేనో అక్కయ్య:
మామూలు కార్డు 65. పైన కట్టే 65 రాబట్టాలంటే ఏడాదికి 3,250 అక్కడే కొనాలి. గోంగూర, దొండకాయ, మినప్పప్పుకి ఎలాగూ ఇండియన్ స్టోరుకే పోతాం, నలుగురికి మామూలుదే చాలు. ఇంకోటి, టెక్సస్‌లో పచ్చి సరుకుల మీద అమ్మకం పన్ను లేదు. కూల్‌డ్రింకులు, చాక్లెట్లు, అక్కడే వేడిగా ఇచ్చే సమోసాలకి మాత్రం 8.25 శాతం పడుతుంది. బిల్లు చూసుకో.

ఇర్వింగ్ కొత్తవాడు:
అందరికీ థాంక్సండీ. 1,000 అనుకుంటున్నాను. మా ఆవిడ మిక్సీ తెస్తానంటోంది, తెమ్మననా?

కారల్టన్ వదిన:
వద్దు. ఇక్కడ కరెంటు 120 వోల్టులే, మనది తిరగదు. ఆ బరువులో ఆవకాయ తెమ్మనండి.

ఫ్రిస్కో పాతకాపు:
ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఎందుకు తిరగదు? మాది ఇప్పటికీ తిరుగుతోంది.