ఆటల కోసం వైరు రూటరు ఏది తీసుకోవాలి? 100 ఎంబీపీఎస్ లైను ఉన్నా సాయంత్రమైతే పింగ్ 200

కొర్లగుంట తమ్ముడు:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. కింద అమ్మానాన్న, మిద్దె మీద నేనూ అక్కా. ఫైబరు లైను, 100 ఎంబీపీఎస్ ప్లాను. కనెక్షన్ ఇచ్చినోళ్ళు పెట్టిన తెల్ల డబ్బా ఒకటే మోడెమూ, వైఫై రూటరూ. అది కింద హాల్లో టీవీ పక్కన ఉండాది. అక్కణ్ణించి నా కంప్యూటరుకు మెట్ల పక్కగా లాన్ వైరు లాగించినాను కాబట్టి నేను ఆడేది వైఫై మీద కాదు.

ఎక్కువగా వాలరెంట్ ఆడతాను. మధ్యాహ్నం ముంబై సర్వరుకు పింగ్, అంటే డేటా అక్కడికి పోయి రావడానికి పట్టే టైము, 38, 40 మిల్లీసెకన్ల దగ్గర కదలకుండా ఉంటుంది. సాయంత్రం ఏడు దాటితే మాత్రం ఉన్నట్టుండి 180, 200కి ఎగురుతుంది. ఎదురుగా ఉన్న మనిషిని కాల్చినాక వాడు కాదు, నేను పడిపోతా ఉంటాను. ఆ టైములో అక్క బెంగళూరు ఆఫీసుకు ఫైళ్ళు పంపిస్తా ఉంటుంది. నాన్న టీవీలో ఎస్వీబీసీ చూస్తా ఉంటాడు, ఆయన ఫోను వైఫై దొరకగానే ఫోటోలన్నీ క్లౌడుకు ఎక్కిస్తా ఉంటుంది. అప్పుడే స్పీడ్ టెస్ట్ చేసినా డౌన్‌లోడ్ 95 చూపిస్తుంది. అప్‌లోడ్ ఎప్పుడూ 20 దాటదు.

కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తే "స్పీడు సరిగానే ఉంది గదా, 300 ప్లానుకు మారండి" అంటారు. అంగట్లో అడిగితే ఆరు యాంటెనాల గేమింగ్ రూటరు చూపించినారు. ఒక ఫ్రెండు మైక్రోటిక్ హెక్స్ కొనమంటాడు, ఇంకొకడు టీపీ-లింక్ ఈఆర్605 అంటాడు. నా దగ్గర ఆరేడు వేలు ఉంది, రెండోసారి కొనే స్తోమత లేదు. ఏది తీసుకోమంటారు?

చిత్తూరు గ్రీమ్స్‌పేట:

మా ఇంట్లో ఈఆర్605 ఉంది. గట్టి పెట్టె, రేకు ఒళ్ళు, ఫ్యాను లేదు కాబట్టి శబ్దం కూడా ఉండదు. అయిదు గిగాబిట్ పోర్టుల్లో ఒకటి వ్యాన్‌కు (బయటి లైనుకు), ఒకటి లాన్‌కు (ఇంట్లోని వాటికి), మిగతా మూడు ఎట్లైనా వాడుకోవచ్చు. నేను కొనింది రెండు లైన్ల కోసం. ఒకటి తెగిపోతే రెండోది అందుకుంటుంది. నీకు ఒకటే లైను అయితే దాని అసలు బలం నీకు పనికిరాదు. ఆటకు అది చాలా అని నన్నడిగితే, పింగ్ ఎందుకు ఎగురుతుందో ముందు తేల్చుకో అంటాను.

ఇంకో మాట. మీ ఇంట్లోకి వచ్చేది నిజంగా ఫైబరేనా, స్తంభం మీది స్విచ్చు నుంచి లాన్ వైరా? మా వీధిలో ఒకప్పుడు లాన్ వైరే వచ్చేది. కార్తీక మాసం వానల్లో పిడుగు పడిందంటే ఆ వీధిలో సగం ఇళ్ళల్లో వ్యాన్ పోర్టులు కాలిపోయేవి. గాజు తీగలో కరెంటు పారదు కాబట్టి ఫైబరైతే ఆ భయం లేదు.

లాడ్జీల నెట్‌వర్క్ అన్న:

తమ్ముడూ, నేను తిరుపతిలో లాడ్జీలకు, హాస్టళ్ళకు నెట్‌వర్క్ పని చేస్తాను. నువ్వు రాసినట్టు స్పీడ్ టెస్టులో నిండుగా ఉండి సాయంత్రం పింగ్ చెడిపోయే లైన్లను నేను రోజూ చూస్తాను. 300 ప్లానుకు ఇప్పుడే డబ్బు కట్టొద్దు. యాంటెనాల రూటరు అసలే వద్దు. దాని ధరలో చాలా భాగం రేడియోకు, యాంటెనాలకు పోతుంది, నువ్వేమో వైరు మీద ఆడేవాడివి.

ఆట పంపించే డేటా చాలా కొంచెం. మ్యాచ్ నడిచేటప్పుడు సెకనుకు ఒక మెగాబిట్ కూడా పట్టదు. గిగాబైట్ల లెక్కన మింగేది అప్‌డేట్లే. అయితే ఆ కొంచెం డేటాకు ఆలస్యం పనికిరాదు. మీ నాన్న ఫోను బ్యాకప్ మొదలుపెడితే ఆ 20 అప్‌లోడ్ మొత్తం నిండిపోతుంది. తెల్ల డబ్బా ఏం చేస్తుందంటే, బయటికి పోలేని ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, పారెయ్యకుండా తన మెమరీలో వరసగా దాచుకుంటుంది. నీ ఆట ప్యాకెట్టు వచ్చి ఆ వరస చివర నిలబడాలి. సర్వదర్శనం కంపార్టుమెంట్లు నిండినాక వచ్చిన మనిషి చేతిలో సంచి లేకపోయినా, ముందున్నోళ్ళు కదిలితేనే గదా ఆయన కదిలేది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు.

లెక్క వేసి చూడు. 20 ఎంబీపీఎస్ లైనులో 160 మిల్లీసెకన్లు అదనంగా పడుతోందంటే ముందు 400 కిలోబైట్లు నిలబడి ఉన్నట్టు. ఫోనులో తీసిన ఒక ఫోటోలో ఏ పదో వంతో. అంత చిన్న కుప్ప చాలు నీ మ్యాచ్ చెడగొట్టడానికి. 300 ప్లాను తీసుకున్నా అప్‌లోడ్ ఇంతే ఉంటే ఈ కుప్ప ఇట్లాగే ఉంటుంది. అప్‌లోడ్ పెరిగినా అది నిండిన ప్రతిసారీ మళ్ళీ ఇదే కథ.

దీనికి మందు ఉంది. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే పద్ధతిని బయటపెట్టినారు. వరస ఎంత పొడుగుందని కాకుండా, ఒక్కో ప్యాకెట్టు అందులో ఎంతసేపు నిలబడిందని చూసి, మరీ ఆలస్యమైతే కొన్నిటిని పారేస్తుంది. పంపేవాడు అది గమనించి నెమ్మదిస్తాడు. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంగా వచ్చింది. అదే ఏడాది లినక్స్ కెర్నల్ 4.19లో ఇదే పని చేసే కేక్ చేరింది. ఈ రెండూ ఒక్కో కనెక్షనుకు ఒక్కో వరస కట్టి, అప్పుడొకటి అప్పుడొకటి పంపే వరసను ముందు వదుల్తాయి. ఆట ప్యాకెట్లు అట్లాంటివే కాబట్టి అవి ఆగకుండా పోతాయి. అక్క ఫైళ్ళు, నాన్న ఫోటోలు కూడా పోతాయి, ఎవర్నీ ఆపెయ్యాల్సిన పని లేదు.

కాబట్టి రూటరు కొనేముందు అడగాల్సింది ఒకటే: ఇందులో కేక్ గానీ ఎఫ్‌క్యూ-కోడెల్ గానీ ఉందా, నా లైను స్పీడుకు దాని ప్రాసెసరు సరిపోతుందా? హెక్స్‌లో మైక్రోటిక్ వాళ్ళ సాఫ్ట్‌వేరు రూటర్ఓఎస్ 7 వేస్తే రెండూ ఉంటాయి. పాత హెక్స్, అంటే ఆర్‌బీ750జీఆర్3 మోడల్లో 880 మెగాహెర్ట్జ్ రెండు కోర్ల ప్రాసెసరు, 256 ఎంబీ మెమరీ. నీ 95కి, 20కి హాయిగా సరిపోతుంది. 300కి పోతే దాన్ని కష్టపెట్టినట్టే, 500కి అయితే నేను పెట్టను.

ఇదంతా నా మాట మీద నమ్మొద్దు. సాయంత్రం కమాండ్ విండో తెరిచి 8.8.8.8కి, అంటే గూగుల్ సర్వరుకు, పింగ్ ఆగకుండా నడిపించు. మొదట నాన్న ఫోను బ్యాకప్ ఆపి చూడు, తర్వాత మొదలుపెట్టి చూడు. అట్లాగే తెల్ల డబ్బా పేజీలోకి పోయి వ్యాన్ ఐపీ, అంటే కంపెనీ లైనుకు ఇచ్చిన అడ్రసు, ఏమని ఉందో రాయి.

కొర్లగుంట తమ్ముడు:

చేసినాను అన్నా. బ్యాకప్ ఆపినప్పుడు 9, 10. మొదలుపెట్టిన కాసేపటికే 150, 170. మళ్ళీ ఆపితే వెంటనే కిందికి వచ్చేసింది. అక్క కూడా పక్కన కూర్చుని చూసింది. వ్యాన్ ఐపీ 100.72తో మొదలవుతా ఉంది. వచ్చేది ఫైబరే, సన్న నల్ల తీగ. ఇంకో సంగతి, నేను ఇంట్లో మైన్‌క్రాఫ్ట్ సర్వరు పెడితే ఫ్రెండ్స్ ఎవరూ చేరలేకపోతున్నారు. కొత్త రూటరు పెడితే అదీ సరిపోతుందా?

లాడ్జీల నెట్‌వర్క్ అన్న:

పింగ్ సంగతి తేలిపోయింది. బ్యాకప్ ఆపగానే కిందికి దిగిందంటే ఆలస్యం నీ ఇంటి డబ్బా దగ్గర పుడుతోంది, ముంబై దారిలో కాదు. ఆ దారికి ఎట్లాగూ కొంత పడుతుంది. ఫైబరులో వెలుతురు వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికే దాదాపు 10 మిల్లీసెకన్లు కావాలి. కేబుల్ నేరుగా పోదు, మధ్యలో రూటర్లు దాటాలి. 38ని ఏ రూటరూ 15 చెయ్యలేదు. చేస్తానని ఎవరైనా అమ్మితే కొనొద్దు. సాయంత్రం కూడా 40 దగ్గర నిలబెట్టడమే మన పని.

మైన్‌క్రాఫ్ట్ విషయం వేరు, దానికి కొత్త రూటరు మందు కాదు. 100.64 నుంచి 100.127 దాకా ఉండే అడ్రసులు కంపెనీ లోపల పంచుకునేవి. నీలాంటి ఎన్నో ఇళ్ళు ఒకే బయటి అడ్రసు వెనక ఉన్నాయి, దాన్ని సీజీనాట్ అంటారు. బయటి నుంచి నీ ఇంటి తలుపు తట్టడానికి దారి లేదు. పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చేవాళ్ళను నీ కంప్యూటరుకు పంపే ఏర్పాటు, రూటర్లో ఎంత చేసినా ఆ తలుపు కంపెనీ దగ్గర మూసే ఉంటుంది. స్టాటిక్ పబ్లిక్ ఐపీ, అంటే నీ ఒక్కడికే మారని బయటి అడ్రసు, ఇస్తారేమో అడుగు, చాలామంది దానికి వేరే డబ్బు తీసుకుంటారు. వాలరెంట్‌కు ఇది అడ్డం కాదు, అక్కడ సర్వరు వాళ్ళది.

హెక్స్ వచ్చినాక ఈ రెండూ మర్చిపోవద్దు. మొదటిది, ఫైర్‌వాల్లో ఫాస్ట్‌ట్రాక్ అనే రూలు ముందే వేసి ఉంటుంది. దాన్ని ఆపెయ్. అది ఉంటే ప్యాకెట్లు క్యూను తప్పించుకుని పోతాయి, నువ్వు పెట్టిన కేక్ ఊరికే కూర్చుంటుంది. ఇది తెలియక "మైక్రోటిక్ పెట్టినా లాభం లేదు" అని పక్కన పడేసినవాళ్ళను చూసినాను, మంచి పెట్టె వృథా అవుతుంటే బాధేస్తుంది. రెండోది, స్పీడు కొంచెం తగ్గించి కట్టాలి. అప్‌లోడ్ 20 వస్తే 18, డౌన్‌లోడ్ 95 వస్తే 85 పెట్టు. అప్పుడు కుప్ప తెల్ల డబ్బాలో కాకుండా నీ రూటర్లో పడుతుంది, అక్కడైతే దాన్ని సర్దేవాడున్నాడు. సరిగ్గా 20 పెడితే కుప్ప మళ్ళీ డబ్బాలోకే పోతుంది. పెట్టినాక బ్యాకప్ నడిపిస్తూ ఇదే పింగ్ పరీక్ష చెయ్. ఇంకా ఎగురుతుంటే 17కి దింపు.

పద్మావతిపురం అక్క:

ముఖ్యమైనది ఒకటి చెప్పాలి. కొత్త రూటరును తెల్ల డబ్బా వెనక తగిలించి, నాన్న ఫోనును పాత వైఫైలోనే వదిలేస్తే ఏ లాభమూ ఉండదు బాబూ. ఆ ఫోటోలు హెక్స్‌ను తాకకుండానే బయటికి పోతాయి. ఇంట్లో ప్రతిదీ హెక్స్ దాటే పోవాలి. కంపెనీ వాళ్ళను అడిగి డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రూటరు పని మానేసి వట్టి మోడెముగా ఉండేటట్టు, పెట్టించుకుని, లైనులోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజరునేమూ పాస్‌వర్డూ హెక్స్‌లో వేసుకో. వాళ్ళు ఒప్పుకోకపోతే కనీసం డబ్బాలో వైఫై ఆపెయ్.

హెక్స్‌కు వైఫై లేదు కాబట్టి ఫోన్లకు, టీవీకి పాత రూటరు ఏదైనా ఉంటే చాలు. అందులో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపి, వ్యాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో వైరు పెడితే అది వట్టి యాక్సెస్ పాయింటుగా పనిచేస్తుంది. నేను మా ఇంట్లో అట్లాగే పెట్టుకున్నాను. పిల్లల క్లాసులూ, నా ఆఫీసు కాల్సూ ఒకేసారి నడుస్తున్నా ఎవరి గొంతూ తెగడం లేదు.

నీకు లినక్స్ అలవాటుంటే రూటర్ల కోసం చేసిన లినక్స్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కూడా చూడు. రెండు లాన్ పోర్టులున్న చిన్న బోర్డు మీద వేసుకోవచ్చు, క్యూలు సర్దే ఎస్‌క్యూఎం ప్యాకేజీతో కేక్ పెట్టడం ఇంకా సులువు. కానీ ఇంట్లో నువ్వు లేనప్పుడు అది ఆగిపోతే అమ్మానాన్నలు ఏం చెయ్యాలో ఆలోచించుకో.

కొర్లగుంట తమ్ముడు:

థ్యాంక్స్ అక్కా, ఆ మాట చెప్పకపోయుంటే నేను ఫోన్లన్నీ పాత వైఫైలోనే ఉంచేసేవాణ్ణి. పాత రూటరు అటక మీద ఉండాది. హెక్స్‌కే పోతాను. మెట్ల పక్క వైరు సంగతి ఒకటి అడగాలి. కంప్యూటర్లో లింకు 1000 కాకుండా 100 చూపిస్తా ఉంది, మార్చాలా? కరెంటు పోయినప్పుడు రూటరు నిలబడాలంటే ఏం పెట్టాలి? ఎండాకాలం మా వైపు మాటిమాటికీ పోతుంది.

లాడ్జీల నెట్‌వర్క్ అన్న:

గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ తగలాలి. నాలుగే తగిలితే 100కి పడిపోతుంది. ఇప్పటి ప్లానుకు అది అడ్డం కాదు గానీ, ముందు రెండు కొనల్లో ప్లగ్గులు కొత్తవి కొట్టించు. అప్పటికీ 100 అంటే ఒక తీగ కొనను బ్లేడుతో కొంచెం గీకి చూడు. రాగి పూత పోయి లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం మీద రాగి పూసిన వైరు. మెట్ల మూల దగ్గర గట్టిగా వంచితే లోపల పుటుక్కుమంటుంది. అంగట్లో మాటతో నమ్మకుండా అక్కడే గీకి చూసి, అసలు రాగి క్యాట్6 లాన్ వైరు తీసుకో. వంద మీటర్ల దాకా ఇబ్బంది లేదు, మీ ఇంటికి ఇరవై కూడా పట్టదు. గోడ బయట నుంచి లాగొద్దు.

కరెంటుకు పెద్ద యూపీఎస్ అక్కర్లేదు. 750జీఆర్3 హెక్స్ 8 నుంచి 30 వోల్టుల దాకా తీసుకుంటుంది, దాంతో వచ్చే అడాప్టరు 24ది అయినా 12 వోల్టుల మినీ యూపీఎస్ మీద నడుస్తుంది. కొత్త మోడల్ దొరికితే డబ్బా మీద వోల్టులు చదువుకో. తెల్ల డబ్బా అడాప్టరు మీద కూడా చూడు, 12 అని ఉంటే రెండు అవుట్‌పుట్లున్న మినీ యూపీఎస్ ఒకటి తీసుకుని రెండిటికీ కలుపు. ఆంపియర్లు రెండిటివీ కూడి, దానికంటే జాస్తి ఇచ్చేదే కొను. పెట్టినాక సాయంత్రం పింగ్ ఎంతొచ్చిందో ఇక్కడ రాయి, 18 సరిపోలేదంటే కలిసి సర్దుదాం.